ఆత్మ నిత్యమైతే మరి నాన్నగారు?

అమ్మా, మీరు అడిగినదాన్ని ముందు నా మాటల్లో చెప్పుకుంటాను. మీ నాన్నగారు పోయారు. భీమిలిలో గోస్తనీ సముద్రంలో కలిసే చోట అస్థికలు కలిపి వచ్చారు. పన్నెండో రోజున మీ మేనమామగారు గీతలోని "వాసాంసి జీర్ణాని" శ్లోకం చదివి, ఆత్మకు చావు లేదని తెలిసినవాళ్లు ఏడవకూడదని మందలించారు. మీకు కోపం వచ్చింది, ఆ కోపానికి మీరే సిగ్గుపడ్డారు. ఇంజనీరింగ్ చదువుతున్న మీ అబ్బాయి "దీనికి రుజువు ఏమిటి?" అని అడిగితే ఏమీ చెప్పలేకపోయారు. ఆత్మ అమరమని తత్త్వవేత్తలు నిజంగా నిరూపించారా, లేక అది కవులు అల్లిన ఓదార్పేనా, ఏం చదివితే తెలుస్తుంది అని అడిగారు.

ఈ విశాఖలోనే చాలా ఏళ్లు తత్త్వశాస్త్రం పాఠం చెప్పినవాణ్ని. ఇదే ప్రశ్నతో నా దగ్గరకు వచ్చిన విద్యార్థుల్లో ఎక్కువమంది ఇంట్లో ఎవరినో పోగొట్టుకుని వచ్చినవాళ్లే. వాళ్లకు చెప్పిన మాటే మీకూ చెబుతాను. మీ ప్రశ్నలో రెండు ప్రశ్నలు ముడిపడి ఉన్నాయి. మనిషి పోయాక ఏదో ఒకటి మిగులుతుందా అన్నది మొదటిది. ఆ మిగిలేది మా నాన్నేనా, నన్ను పేరు పెట్టి పిలిచిన ఆ మనిషేనా అన్నది రెండోది. తత్త్వశాస్త్రం వేల ఏళ్లుగా మొదటిదానితో పెనుగులాడుతోంది. రెండోదాని దగ్గరకు వచ్చేసరికి పెద్ద గ్రంథాలు చాలావరకు కాదంటాయి, లేదా ఆ ప్రశ్న అడగడమే అజ్ఞానం అంటాయి. మీ మేనమామగారు మొదటిదానికి జవాబు చెప్పి రెండోదానికి కూడా చెప్పేశాననుకున్నారు. మీ కోపం అక్కడ పుట్టింది. అందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు.

ఆ శ్లోకాన్నే చూద్దాం. చిరిగిన బట్టలు విడిచి మనిషి కొత్తవి కట్టుకున్నట్టు, దేహి, అంటే దేహంలో ఉండే ఆత్మ, పాత శరీరాలు విడిచి కొత్తవాటిలోకి వెళ్తాడు. రెండో అధ్యాయంలో 22వ శ్లోకం. అద్భుతమైన ఉపమానం, కానీ ఉపమానం రుజువు కాదు. ఆ సంగతి కృష్ణుడికి తెలియదని నేను అనుకోను. నాలుగు శ్లోకాల తరువాత, 26వ శ్లోకంలో, ఆత్మ ఎప్పుడూ పుడుతూ ఎప్పుడూ చస్తూ ఉంటుందని నువ్వు అనుకున్నా సరే, నీకు శోకం తగదు అంటాడు. అంటే అమరత్వం అనే మాటను పూర్తిగా పక్కన పెట్టి కూడా తన వాదన నడిపించగలనని చూపించాడు. మన ఇళ్లలో 22వ శ్లోకం చదివినంతగా 26వది ఎవరూ చదవరు.

ఇప్పుడు మీ అబ్బాయి కోసం ఒక గ్రీకు సంభాషణ గురించి చెబుతాను. క్రీ.పూ. 399లో ఏథెన్స్ చెరసాలలో సోక్రటీసు విషం తాగవలసిన రోజు. మిత్రులు చుట్టూ కూర్చున్నారు. ఆత్మకు నాశనం లేదని ఆయన ఒకదాని తరువాత ఒకటి వాదనలు చెబుతున్నాడు. ప్లేటో రాసిన 'ఫీడో' ఇదంతా వివరిస్తుంది. అందులో కేబెస్ అనే యువకుడు లేచి ఒక నేతగాడి కథ చెబుతాడు. ముసలి నేతగాడు చనిపోయాడు. ఒకరు వచ్చి, ఇతను నేసి కట్టుకున్న వస్త్రం ఇంకా చెక్కుచెదరలేదు, వస్త్రం కన్నా మనిషి ఎక్కువకాలం మన్నుతాడు కదా, కాబట్టి ఇతను ఎక్కడో క్షేమంగానే ఉన్నాడు అన్నారనుకుందాం. పొరపాటు ఎక్కడుంది? నేతగాడు తన జీవితంలో ఎన్నో వస్త్రాలను చింపేసిన మాట నిజమే, కానీ చివరి వస్త్రం అతని తరువాత కూడా మిగిలింది. అలాగే ఆత్మ ఎన్నో శరీరాలను ధరించి విడిచి, చివరి శరీరంతో తానూ అలసి నశించవచ్చు కదా అంటాడు కేబెస్.

కేబెస్‌కు గీత తెలిసే అవకాశం లేదు. అయినా ఈ ప్రశ్న "వాసాంసి జీర్ణాని" శ్లోకానికే వేసినట్టు ఉంటుంది. శరీరం కన్నా ఆత్మ ఎక్కువకాలం ఉంటుందని చూపించడం వేరు, ఎప్పటికీ ఉంటుందని చూపించడం వేరు. ఈ తేడాను ఇంత సూటిగా పట్టుకున్నవాళ్లు అరుదు. అతని పక్కనే సిమ్మియాస్ ఇంకా ఇబ్బందికరమైన సందేహం లేవనెత్తాడు. తంతివాద్యం మీద పలికే శ్రుతి కంటికి కనబడదు, చేతికి అందదు, కొయ్యకన్నా తీగకన్నా సూక్ష్మమైనది. అయినా వాద్యం విరిగితే శ్రుతి మిగలదు. ఆత్మ కూడా శరీరపు శ్రుతి లాంటిదైతే? ఈ రోజు మెదడు గురించి శాస్త్రజ్ఞులు చెప్పే మాట ఇదే, వాద్యం మారింది అంతే.

ఈ రెండు ప్రశ్నలూ విని అక్కడున్న వాళ్లందరూ కుంగిపోయారట. సోక్రటీసు కుంగలేదు. పక్కన కూర్చున్న ఫీడో జుట్టు నిమురుతూ, వాదనల మీద ద్వేషం పెంచుకోవద్దని హెచ్చరించి, మళ్లీ మొదలుపెట్టాడు. చివరి వాదన సారం ఇది: నిప్పు తనతోపాటు వేడిని తెచ్చినట్టు ఆత్మ తనతోపాటు ప్రాణాన్ని తెస్తుంది. నిప్పు చల్లదనాన్ని ఒప్పుకోనట్టే ఆత్మ చావును ఒప్పుకోదు. నా దృష్టిలో ఇది నిలబడదు. నిప్పు చల్లబడదు నిజమే, కానీ ఆరిపోతుంది. అయితే నాకు ఆ పుస్తకం మీద గౌరవం పెరిగింది ఈ వాదన తరువాతే. తనకు ఇంకా కొంచెం సందేహం మిగిలే ఉందని సిమ్మియాస్ అంటే, సోక్రటీసు అతన్ని మెచ్చుకుని, మొదట ఒప్పుకున్న విషయాలను కూడా మళ్లీ పరీక్షించాలి అంటాడు. గంటల్లో చనిపోబోతున్న మనిషి, తన చావుకు ధైర్యం ఇస్తున్న వాదనను ఇంకా పరీక్షించమంటున్నాడు. రుజువు అడిగినందుకు మీ అబ్బాయిని ఎవరైనా కోప్పడితే ఈ ఘట్టం చూపించండి.

అదే పుస్తకంలో క్రిటో అనే పాత మిత్రుడు, నిన్ను ఎలా పాతిపెట్టమంటావు అని అడుగుతాడు. మీ ఇష్టం, నేను మీకు దొరికితే, అంటాడు సోక్రటీసు. క్రిటో అడిగింది తన మిత్రుడి గురించి. జవాబు వచ్చింది ఆత్మ గురించి. మీ ఇంట్లో పన్నెండో రోజున జరిగింది కూడా అదే.

మనవైపు కఠోపనిషత్తు ఈ ప్రశ్నను ఎంత నిజాయితీగా ఎత్తుకుంటుందో చూడండి. నచికేతుడు యముడి ఇంటి ముందు మూడు రాత్రులు తిండి లేకుండా ఎదురుచూసి, మూడు వరాలు పొంది, మూడో వరంగా ఇది అడుగుతాడు: మనిషి చనిపోయాక ఉన్నాడని కొందరు, లేడని కొందరు అంటున్నారు, నిజం చెప్పు. యముడు తప్పించుకోవాలని చూస్తాడు. దేవతలకే ఇక్కడ సందేహం ఉండేది, ఇది వద్దు, ఏనుగులు తీసుకో, బంగారం తీసుకో, నూరేళ్లు బతికే కొడుకులనూ మనవలనూ కోరుకో అంటాడు. మృత్యువే స్వయంగా తడబడిన ప్రశ్న ఇది. పిల్లవాడు వదలడు. చివరికి యముడు చెప్పినది పుట్టుక, చావు లేని ఆత్మ గురించి, శరీరమనే రథంలో కూర్చున్న రథి గురించి. ఎంతో గొప్ప బోధ. కానీ ఆ బోధలో ఫలానా పేరుగల, ఫలానా ఊరి మనిషి కొనసాగుతాడన్న హామీ వెతికితే దొరకదు.

బృహదారణ్యక ఉపనిషత్తులో ఇది ఇంకా స్పష్టం. యాజ్ఞవల్క్యుడు ఇల్లు విడిచి వెళ్తూ ఆస్తి పంచబోతే, దేనివల్ల నేను అమృతను కానో దానితో నేనేం చేసుకోను అంటుంది ఆయన భార్య మైత్రేయి. అందరూ ఉటంకించే వాక్యం అది. ఆ తరువాత జరిగినది ఎవరూ పెద్దగా చెప్పరు. నీళ్లలో వేసిన ఉప్పుగడ్డ కరిగి మళ్లీ చేతికి దొరకనట్టు, అయినా ఎక్కడ రుచి చూసినా ఉప్పే అయినట్టు, ఆత్మ ఉంటుందని చెప్పి, చనిపోయాక సంజ్ఞ ఉండదు అంటాడు భర్త. ఇది నేను, అది నువ్వు అనే ఎరుక ఉండదని. అప్పుడు మైత్రేయి, నన్ను ఇక్కడ అయోమయంలో పడేశారు అంటుంది. రెండు ఉండే చోటే ఒకరు ఒకరిని చూడడం, వినడం ఉంటాయి, అంతా ఆత్మే అయినప్పుడు ఎవరు ఎవరిని చూస్తారు అని ఆయన సమాధానం. అద్వైతానికి ఇది మూలస్తంభం. భర్తను పోగొట్టుకోబోతున్న స్త్రీకి మాత్రం ఇది ఏం ఓదార్పు? ఉపనిషత్కర్త ఆమె అయోమయాన్ని కొట్టివేయకుండా అలాగే ఉంచినందుకు నేను కృతజ్ఞుణ్ని.

ఇక మీకు దగ్గరలోనే ఉన్న ఇంకో సమాధానం. భీమిలి వెళ్లే దారిలో, మంగమారిపేట దగ్గర, తొట్లకొండ ఎక్కే ఉంటారు. రెండు వేల ఏళ్ల కిందట అక్కడ నివసించిన భిక్షువులు నిత్యమైన ఆత్మ అనేదే లేదన్న బుద్ధుని బోధను అనుసరించినవాళ్లు. బౌద్ధుల 'మిలిందపన్హ'లో నాగసేనుడు మిలిందుడనే యవన (గ్రీకు) రాజును అడుగుతాడు: నువ్వు రథం మీద వచ్చావు కదా, ఇరుసు రథమా, చక్రాలు రథమా, కాడి రథమా? ఏదీ కాదు, అన్నీ కూడినప్పుడు రథం అని పిలుస్తాం. మనిషి కూడా అంతే. కఠోపనిషత్తులో రథంలో రథి ఉన్నాడు, ఇక్కడ రథి లేడు. మరి పునర్జన్మ ఎవరిది అంటే, ఒక దీపంతో ఇంకో దీపం వెలిగించినట్టు అంటాడు నాగసేనుడు. కర్మఫలం తప్పించుకోవచ్చా అంటే, మామిడిపండ్లు దొంగిలించినవాడు "నేను కోసిన పండ్లు యజమాని నాటిన టెంక కాదు" అని తప్పించుకోలేడు కదా అంటాడు. ఈ మామిడిపండ్ల వాదన నాకు చాలా ఇష్టం. ఒకే వస్తువు మిగలకపోయినా బాధ్యత మిగులుతుందని ఇంత చిన్న ఉదాహరణతో చెప్పినవాళ్లు తక్కువ.

అయితే ఆత్మ లేదన్న ఆ సంప్రదాయమే స్తూపాలు కట్టి అస్థికలను భద్రపరిచింది. తొట్లకొండ పొరుగునే ఉన్న బావికొండ తవ్వకాల్లో ధాతు కరండాలు, అంటే అస్థికలు దాచిన పేటికలు, బయటపడ్డాయి. సిద్ధాంతం ఏదైనా, ప్రియమైన మనిషి ఎముక ముందు మనిషి చేతులు జోడిస్తాడు. దాన్ని నేను బలహీనత అనను.

మిగిలిన వాదనలు త్వరగా చెప్పేస్తాను. పిండి, బెల్లం లాంటివి పులిస్తే మత్తు పుట్టినట్టు నేల, నీరు, నిప్పు, గాలి అనే భూతాలు కలిస్తే చైతన్యం పుడుతుంది, బూడిదైన దేహం తిరిగి రావడం ఎక్కడిది అన్నారు భౌతికవాదులైన చార్వాకులు. కంటితో చూసినదాన్నే చేతితో తాకానని గుర్తుపట్టేవాడు ఒకడుండాలి కాబట్టి ఇంద్రియాలకు వేరుగా ఆత్మ ఉంది అన్నారు నైయాయికులు, అంటే న్యాయదర్శనం వాళ్లు. ఈ వాదన ఇప్పటికీ బలమైనదే, కానీ అది బతికున్న మనిషి గురించే చెబుతుంది. అప్పుడే పుట్టిన పాప పాలకోసం తడుముకోవడం పూర్వజన్మ అలవాటు అన్నారు. దానికి ఈ రోజు జీవశాస్త్రం వేరే జవాబు ఇస్తుంది. జర్మనీలో కాంట్ అనే తత్త్వవేత్త 1781లో ఆత్మ నిత్యత్వాన్ని తర్కంతో నిరూపించలేమని చూపించి, 1788లో మరో గ్రంథంలో, సంపూర్ణ ధర్మం వైపు మనిషి ప్రయాణానికి అంతు లేదు కాబట్టి నైతిక జీవితం ఆ విశ్వాసాన్ని కోరుతుంది అన్నాడు. రుజువు లేకపోయినా నమ్మడానికి కారణం ఉండవచ్చు అనే ఈ స్థానం నాకు గౌరవనీయంగా కనబడుతుంది, ఒప్పుకోకపోయినా.

సాహిత్యానికి వస్తాను. ఓదార్పు అల్లినవాళ్లు కవులేనా అన్నారు మీరు. కాదమ్మా. నా అనుభవంలో ఓదార్పును అనుమానించినవాళ్లు కవులే. దానికి మన సింహాచలం కథే సాక్ష్యం.

అప్పన్నను వరాహ నరసింహుడని కొలుస్తాం. వరాహం హిరణ్యాక్షుణ్ని చంపింది, నరసింహుడు హిరణ్యకశిపుణ్ని చంపాడు. ఈ రెండు చావుల మధ్య ఏం జరిగిందో భాగవతం ఏడో స్కంధం చెబుతుంది, పోతన తెలుగులో ఎంతో చక్కగా చదవవచ్చు. హిరణ్యాక్షుడు చనిపోయాక తల్లి దితి, అతని భార్యాపిల్లలు ఏడుస్తుంటే హిరణ్యకశిపుడు వాళ్లను ఓదారుస్తాడు. ఆత్మ నిత్యమని, దేహానికి వేరని, దుఃఖం అజ్ఞానమని బోధిస్తాడు. ఆ బోధలో ఇంకో కథ చెబుతాడు. ఉశీనర దేశపు రాజు సుయజ్ఞుడు యుద్ధంలో చనిపోతే బంధువులు శవాన్ని వదలక ఏడుస్తున్నారు. యముడు చిన్న పిల్లవాడి రూపంలో అక్కడికి వచ్చి అంటాడు: మీరు ఏడుస్తున్న సుయజ్ఞుడు ఇదిగో ఇక్కడే పడుకుని ఉన్నాడు కదా! ఇన్నాళ్లూ మీ మాటలు విని, మీతో మాట్లాడినవాణ్ని మీరు ఎన్నడూ చూడనే లేదు, మరి ఎవరి కోసం ఈ ఏడుపు? క్రిటోకు సోక్రటీసు ఇచ్చిన జవాబుకు ఇది ఎంత దగ్గరగా ఉందో గమనించండి.

బోధలో ఒక్క తప్పు మాట లేదు. ఏ ఆచార్యుడు చెప్పినా అదే చెబుతాడు. మరి చెప్పినవాడు తరువాత ఏం చేశాడు? వెంటనే వచ్చే అధ్యాయంలో, ముసలితనం, చావు లేని శరీరం కోసం మందరపర్వతం దగ్గర ఘోరతపస్సు చేశాడు. ఇంట్లో చావకూడదు, బయట చావకూడదు, పగలు, రాత్రి, నేల మీద, ఆకాశంలో, మనిషి వల్ల, మృగం వల్ల చావకూడదు అని వరాలు కోరాడు. సోదరుడి ఆత్మ అమరం అయితే చాలు, తనకు మాత్రం శరీరమే అమరం కావాలి! ఆత్మ నిత్యత్వం గురించి ఇంత శాస్త్రీయమైన ఉపన్యాసాన్ని ఆ నోట పలికించడం భాగవత కర్త వేసిన గొప్ప ఎత్తు అని నా నమ్మకం. ఎదుటివారి దుఃఖం ముందు ఆ జ్ఞానం వల్లించడం తేలిక. తన చావు ముందు నిలబెట్టుకున్నవాడు సోక్రటీసు, నిలబెట్టుకోలేనివాడు హిరణ్యకశిపుడు. సిద్ధాంతం ఇద్దరిదీ దాదాపు ఒకటే.

ఆరో స్కంధంలో చిత్రకేతుడనే రాజు కథ ఇంకా కఠినం. ఇది ఏర్చూరి సింగన తెనిగించిన భాగం. ఎన్నాళ్లకో పుట్టిన ఒక్క కొడుకునూ సవతులు విషం పెట్టి చంపుతారు. నారదుడు ఆ జీవుణ్ని వెనక్కు పిలిచి, నీ తల్లిదండ్రుల దగ్గరకు రా, రాజ్యం ఏలుకో అంటాడు. ఏ జన్మలో వీళ్లు నాకు తల్లిదండ్రులు అని అడుగుతుంది ఆ జీవం. ఎన్నో పుట్టుకల్లో ఎందరో బంధువులయ్యారు, శత్రువులయ్యారు, వీళ్లు ఎవరు? అని వెళ్లిపోతుంది. ఆత్మ మిగిలింది, కొడుకు మిగలలేదు. నేను ఇందాక చెప్పిన రెండు ప్రశ్నలను ఇంత నిర్దయగా విడదీసిన కథ నాకు ఇంకోటి తెలియదు. ఆ మాటలతో తల్లిదండ్రుల శోకం తీరిందని గ్రంథం అంటుంది. చదివిన ప్రతిసారీ నా మనసు మాత్రం ఆ తల్లి కృతద్యుతి వైపే ఉంటుంది.

శరీరమే చావకుండా ఉంటే బాగుండునా అన్నది కూడా సాహిత్యం పరీక్షించింది. చెక్ రచయిత చాపెక్ 1922లో రాసిన నాటకంలో ఒక గాయని రసాయనం తాగి మూడు వందల ఏళ్లకు పైగా బతికి, ప్రేమించడం, పాడడం, ఏదీ రుచించని స్థితికి వస్తుంది. చివరికి ఆ రసాయనం రాసిన కాగితాన్ని ఒక యువతి కాల్చేస్తుంది. కీర్తితో బతకడం గురించి జాషువా పద్యాలు మీకు తెలిసే ఉంటాయి, రాజు రాతివిగ్రహంలో, కవి జనం నాలుక మీద బతుకుతారని. అది నిజమే, కానీ అది కవులకు దక్కే సదుపాయం. ఉద్యోగం చేసి, పిల్లలను చదివించి, పోయిన నాన్నకు అది వర్తించదు.

మీ మేనమామగారు చెప్పినట్టు ఆత్మజ్ఞానం ఉంటే ఏడవకూడదా? గీత విన్నది అర్జునుడు. యుద్ధం పదమూడో రోజున అభిమన్యుడు చనిపోయాడు. అర్జునుడు గుండె పగిలేలా ఏడ్చాడు, మర్నాడు సూర్యాస్తమయం లోపల సైంధవుణ్ని చంపలేకపోతే అగ్నిలో దూకుతానని ప్రతిజ్ఞ చేశాడు. కృష్ణుడు అతన్ని ఓదార్చాడు, ఇది శూరుల దారి అన్నాడు, పుణ్యలోకాలకు వెళ్లాడన్నాడు. గీత విన్నాక కూడా ఎందుకు ఏడుస్తున్నావని నిలదీయలేదు. తిక్కన ద్రోణపర్వంలో ఆ ఘట్టం చదవండి.

ఏం చదవాలని అడిగారు కాబట్టి: మీరు ముందు పోతన ఏడో స్కంధం మొదటి భాగం, తరువాత తాత్పర్యంతో కఠోపనిషత్తు, ఆ తరువాత బృహదారణ్యకంలో మైత్రేయి సంభాషణ. ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో అడిగి చూడండి. శాస్త్రం చదివే అబ్బాయికి 'ఫీడో' ఇవ్వండి. అందరూ ఒప్పుకున్న రుజువు ఇంతవరకు లేదని, మంచి వాదనలు మాత్రం రెండువైపులా ఉన్నాయని ఉన్నదున్నట్టు చెప్పండి. నేతగాడి కథ రాగానే పుస్తకం మూసి, కేబెస్‌కు తానైతే ఏం జవాబిస్తాడో ఒక పేజీ రాయమనండి. ఆ తరువాతే సోక్రటీసు జవాబు చదవాలి. అతను రాసిన పేజీ ఇక్కడ పెడితే నేను తప్పకుండా చదివి, నా అభిప్రాయం రాస్తాను.